పాట ఎవరి సొమ్ము? (6వ భాగం): స్నేహితుడి నోటీసు

పోయిన భాగాన్ని 1969 ఆగస్టు 23న బొంబాయిలో ఆపాం. 1847లో పారిస్ కాఫీహోటల్లో తన పాటే వాయిస్తుంటే విన్న ఎర్నెస్ట్ బూర్జే, పాటకు హోటలువాడు పైసా ఇవ్వనప్పుడు తాను తాగినదానికి తానెందుకివ్వాలని మొండికెయ్యడం, ఆ తగవులోంచి 1851లో అక్కడ రచయితల సంఘం పుట్టడం చూశాం. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆలిండియా రేడియో పాటతోపాటు సినిమా పేరు చెప్పడం మానేస్తే, కోపం వచ్చిన నిర్మాతలు లైసెన్సులే వెనక్కి తీసుకున్న సంగతీ, శ్రోతలు సిలోన్ స్టేషన్ వైపు మళ్లిన సంగతీ చెప్పుకున్నాం. చివరికి పాటలు రాసేవాళ్లకూ బాణీలు కట్టేవాళ్లకూ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్‌ఎస్, ఏర్పడింది. జనం ముందు పాట వినిపించి సంపాదించేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసి, రాసినవాడికీ స్వరపరిచినవాడికీ పంచడం దాని పని. నాలుగేళ్లు తిరక్కుండానే దానికి కోర్టు మెట్లెక్కాల్సిన పని పడింది.

ఆ వ్యాజ్యంలోకి పోయేముందు, ఆ రోజుల్లో మన వైపు పాట ఎలా తిరిగేదో చూద్దాం. ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ పోయే దారిలో అడవి మధ్య ఉంది పెర్మిలి. ఇళ్లలో మాడియా, బడిలో మరాఠీ, సంతలో అన్నీ. ఇంకా దక్షిణానికి దిగితే సిరొంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, అవతలి ఒడ్డున కాళేశ్వరం. 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చి, ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై, 1874లో చాందా జిల్లాలో కలిసిన ఊరది. గడ్చిరోలి విడిగా జిల్లా అయింది 1982 ఆగస్టు 26న. పాలించేవాళ్లు ఇన్నిసార్లు మారినా నదికి ఈ పక్కనా ఆ పక్కనా తెలుగు పాట ఒకటే.

వంతెనలు లేని కాలంలో ఆ పాట ఇక్కడికి రేడియోలో వచ్చేది, లేదా పడవెక్కి వచ్చేది. 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలయ్యాక ట్రాన్సిస్టర్ ఉన్న ఇంటి అరుగు మీద సాయంత్రాలు జనం చేరేవాళ్లు. నది దాటి మంచిర్యాల వైపు పోయి సినిమా చూసొచ్చినవాళ్లు హాలు బయట అమ్మే పాటల పుస్తకం కొనితెచ్చేవాళ్లు. పలచని కాగితం, లోపల సగం కథ, మిగతాది వెండితెర మీద చూడమని ఒక మాట, ఆ తర్వాత పాటలు. ఒక్కో పాట నెత్తిన రచన ఎవరు, సంగీతం ఎవరు, పాడింది ఎవరు అని అచ్చేసేవారు. ఆర్కెస్ట్రాలో పాడే కుర్రాడు ఆ పాటను తన నోట్‌బుక్కులోకి ఎక్కించుకునేవాడు. పైన సినిమా పేరు, పక్కన గాయకుడి పేరు, మూలన శ్రుతి: ఒకటిన్నరో, ఐదున్నరో. హార్మోనియం ఆయన వేలు ఏ మెట్టు మీద పెట్టాలో తెలియాలి కనుక శ్రుతి తప్పనిసరి. రచయిత పేరుతో వేదిక మీద అవసరం పడదు కనుక అది పాటల పుస్తకంలోనే ఉండిపోయేది. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, దీనితో ముందుముందు పని ఉంది.

చట్టం మాత్రం అప్పటికే స్పష్టంగా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 1958 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చింది. సాహిత్యమైనా సంగీతమైనా జనం ముందు ప్రదర్శించే హక్కు దాని యజమానిదేనని అందులో రాశారు. అంటే టికెట్ పెట్టి సినిమా పాటల కచేరీ చేసిన ప్రతి ఆర్కెస్ట్రా నిర్వాహకుడూ అనుమతి తీసుకోవాల్సిందే. ఎవరూ తీసుకోలేదు, ఎవరూ అడగలేదు. అడగాల్సిన సంఘమేమో తనకంటే పెద్దవాళ్లతో తలపడి ఉంది.

1969లోనే ఐపీఆర్‌ఎస్ తన రుసుముల పట్టిక ప్రకటించింది. సినిమా హాళ్లు కూడా కట్టాలంది, ఎందుకంటే హాల్లో బొమ్మతోపాటు పాట కూడా ఆడుతోంది కదా అని దాని వాదన. నిర్మాతల సంఘాలూ ప్రదర్శకుల సంఘాలూ భగ్గుమన్నాయి. రచయితకూ సంగీత దర్శకుడికీ మేం ముందే డబ్బిచ్చి పని చేయించుకున్నాం, ఇక పాట మాది, మళ్లీ మా దగ్గరే వసూలా అన్నాయి. కాపీరైట్ బోర్డు ఐపీఆర్‌ఎస్ వైపు మొగ్గింది. కలకత్తా హైకోర్టు 1974లో ఆ తీర్పును కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది.

తీర్పు 1977 మార్చి 14న వచ్చింది. ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయలేదు, రెండు రోజుల్లో పోలింగ్ మొదలు కావాలి, దేశమంతా ఎన్నికల వేడిలో ఉంది. పాటల మీద తీర్పును పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. కానీ ఆ తర్వాత 35 ఏళ్ల పాటు ఈ దేశంలో పాట రాసిన ప్రతివాడి బతుకునూ అదే శాసించింది. డబ్బిచ్చి సినిమా కోసం పాట చేయించుకుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, దాని మొదటి యజమాని నిర్మాతే అని జస్టిస్ జస్వంత్ సింగ్ రాశారు. సినిమాలో భాగంగా కాక విడిగా పాటను ప్రదర్శించుకునే హక్కు స్వరకర్త ఉంచుకోగలడని కూడా అన్నారు, అయితే అది అతను ముందే అమ్ముకోకపోతేనే. మద్రాసులో అవకాశం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కొత్త రచయిత అలాంటి ఒప్పందం అడగగలడా? అడిగితే పాట ఇంకొకరికి పోతుంది.

ఆ బెంచిలో రెండో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్. తీర్పుతో ఏకీభవిస్తూనే చివర ఒక చిన్న నోటు జతచేశారు. నా లెక్కలో ఆ కేసు మొత్తానికీ విలువైన పుట అదే. అప్పటి చట్టం ప్రకారం సంగీతమంటే కాగితం మీద రాసినదే. స్వరాలుగా రాసుకుంటేనే రక్షణ. గొంతులోంచి వచ్చిన గమకానికీ, అప్పటికప్పుడు పుట్టిన సంగతికీ చట్టంలో చోటు లేదు. ఎవరి గొంతు కోసం జనం ఎగబడతారో ఆ గాయకుడికి ఏ హక్కూ లేదు. ఈ దేశపు సంగీత సంప్రదాయానికి ఇది తగదని, పార్లమెంటు ఆలోచించాలని కృష్ణయ్యర్ కోరారు. పార్లమెంటు ఆలోచించడానికి 17 ఏళ్లు పట్టింది. 1994 సవరణలో సంగీతానికి రాతకోతల షరతు పోయింది, ప్రదర్శన ఇచ్చే కళాకారుడికి తన ప్రదర్శన మీద హక్కు వచ్చింది.

ఈలోగా గంపగుత్త వ్యాపారం స్థిరపడింది. రచయిత ఒక్క మొత్తానికి పాట ఇచ్చేస్తాడు, నిర్మాత రికార్డు కంపెనీకి అమ్మేస్తాడు, కంపెనీ ఆ పాట మీద ఏళ్లతరబడి సంపాదిస్తుంది. క్యాసెట్లు వచ్చాక ఆ సంపాదన ఇంకా పెరిగింది. ఊరూరా మోగే పాట రాసినవాడికి ఆ మోతలోంచి పైసా వచ్చే దారి లేదు. కథ ఇక్కడి నుంచే వేదిక మీదికి ఎక్కుతుంది.

1966 డిసెంబర్ 15న మద్రాసులో ఎస్.పి. కోదండపాణి సంగీతంలో ఒక కుర్రవాడు మొదటి సినిమా పాట పాడాడు. పేరు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఇంజనీరింగ్ చదువుకుంటూ పోటీల్లో పాడుతూ వచ్చినవాడు. అవకాశాలు ఇంకా పలచగా ఉన్న ఆ తొలి రోజుల్లో ఆయనకు సొంతంగా ఒక లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. అందులో గిటార్, ఆ తర్వాత హార్మోనియం వాయించింది ఇళయరాజా. ఆయన తమ్ముడు గంగై అమరన్ గిటార్, అన్న భాస్కర్ తాళవాద్యాలు. ఊరూరా తిరిగి వాళ్లు వాయించింది అప్పటికి జనానికి నచ్చిన సినిమా పాటలే, అంటే వేరే స్వరకర్తల పాటలే. ఇళయరాజా సొంతంగా సినిమాకు సంగీతం ఇచ్చింది 1976లో, తమిళ చిత్రం 'అన్నక్కిళి'కి. అంతవరకూ ఇద్దరికీ అన్నం పెట్టింది ఇతరుల పాటే. అప్పట్లో అనుమతి అడగాలన్న ఆలోచన వాళ్లకు వచ్చి ఉండదు. దేశంలో ఏ బృందానికీ రాలేదు మరి.

ఆ తర్వాత చరిత్ర మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 'సాగర సంగమం', 'స్వాతిముత్యం', 'గీతాంజలి', 'జగదేక వీరుడు అతిలోక సుందరి': బాణీ ఇళయరాజాది, గొంతు బాలుది, మాట వేటూరిది, కొన్నిచోట్ల మరొకరిది. మన వైపు ఏ ఆర్కెస్ట్రా నోట్‌బుక్కు తెరిచినా ఆ సినిమాల పేర్లు తగులుతాయి. పాట పుట్టిన మద్రాసు నుంచి పెర్మిలి దారి దాకా అది నడిచివచ్చింది ఆర్కెస్ట్రాల కాళ్ల మీదే.

సముద్రాలు దాటింది కూడా కచేరీల మీదే. 1971లో ఘంటసాల యూరప్, అమెరికా వెళ్లి పాడి వచ్చారు. అక్కడి తెలుగువాళ్లు లెక్కకు పెరిగేకొద్దీ, సంఘాలు కట్టుకునేకొద్దీ ప్రతి పండక్కీ, ప్రతి మహాసభకూ గాయకులను పిలిపించుకోవడం ఆనవాయితీ అయింది. హాలు అద్దె, విమాన ఖర్చు, వాద్యకారుల పారితోషికం అన్నీ పద్దులో ఉండేవి. పాట కట్టినవాడి పద్దు గురించి ఆలోచించినవాళ్లు అరుదు.

అమెరికాలో ఈ తగవు ఎప్పుడో తేలిపోయింది. న్యూయార్క్‌లో షాన్లీస్ అనే భోజనశాలలో విక్టర్ హెర్బర్ట్ పాట పాడిస్తే ఆయన దావా వేశాడు. పాటకు మేం విడిగా టికెట్ పెట్టలేదు, భోజనానికే డబ్బు తీసుకుంటున్నాం అన్నాడు యజమాని. 1917లో జస్టిస్ హోమ్స్ ఆ వాదన చెల్లదన్నారు. పాటతో లాభం లేకపోతే పాడించడం మానేసేవాడివే కదా, భోజనం ధరలోనే పాట ధరా ఉందన్నారు. అప్పటి నుంచి అక్కడ వేదిక నడిపేవాడే రచయితల సంఘాలతో లైసెన్సు మాట్లాడుకుంటాడు. పాడేవాడి జోలికి సాధారణంగా ఎవరూ రారు.

మన దేశంలో పెద్ద కుదుపు 2010లో మొదలైంది. ఆ ఏడాది జావేద్ అఖ్తర్ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. కాపీరైట్ సవరణ బిల్లు కూడా ఆ ఏడాదే సభ ముందుకొచ్చింది. నిర్మాతలూ కంపెనీలూ గట్టిగా అడ్డుపడ్డారు. పెట్టుబడి మాది, నష్టమొస్తే మోసేది మేమే, హక్కు మాత్రం పంచాలా అన్నారు. రచయితల పక్షం వాదన వేరు: పాట మొదటి ఏడాది ఎంత ఆడుతుందో ఎవరికీ తెలియదు, తెలియని రోజున అమ్మించుకుని 40 ఏళ్ల పంట మొత్తం మీరే కోసుకుంటే ఎలా? రెండేళ్ల పెనుగులాట తర్వాత 2012 మే 17న రాజ్యసభ, 22న లోక్‌సభ బిల్లును ఆమోదించాయి. జూన్ 21 నుంచి అమలు. సినిమా హాల్లో సినిమాతోపాటు ఆడటం మినహాయిస్తే, పాట మరెక్కడ ఏ రూపంలో వాడినా వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ హక్కు కొన్నవాడితో సమాన వాటా ఉంటుంది. వద్దని సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదు. రచయిత బేరానికి భయపడి వదులుకోకుండా చట్టమే అతని తరఫున మొండికేసింది. ఈ ధారావాహికలో ఇంతవరకూ మనం చూసిన మలుపులన్నింటిలో నేను ఎక్కువ సంతోషంతో రాస్తున్న మలుపు ఇదే.

అయితే పంచే సంఘం పరిస్థితి అప్పుడు బాగోలేదు. రచయితల కోసం పుట్టిన ఐపీఆర్‌ఎస్‌లో క్రమంగా కంపెనీల పెత్తనం పెరిగిందన్న ఫిర్యాదులు ముదిరాయి. పాత సంఘాలన్నీ ఏడాదిలోగా మళ్లీ నమోదు కావాలని 2012 సవరణ చెప్పింది. ఐపీఆర్‌ఎస్‌కు ఆ నమోదు దక్కింది 2017 నవంబర్ 28న. అంటే నడుమ కొన్నేళ్లు, కచేరీ పెట్టేవాడు నిజాయితీగా రుసుము కట్టాలనుకున్నా ఎవరికి కట్టాలో తేల్చుకోలేని అయోమయం. నోటీసు సరిగ్గా ఆ అయోమయంలోనే పడింది.

2016 డిసెంబర్‌కు బాలు పాట 50 ఏళ్లు నిండింది. ఆ వేడుకకు కొడుకు చరణ్ ఒక ప్రపంచ యాత్ర రూపొందించారు. 2016 ఆగస్టులో టొరంటోలో మొదలై రష్యా, శ్రీలంక, మలేసియా, సింగపూర్, దుబాయ్, మన దేశంలో చాలా నగరాలు చుట్టి 2017 మార్చిలో అమెరికా చేరింది. సియాటిల్‌లో, లాస్ ఏంజెలిస్‌లో హాళ్లు నిండాయి. ఆ వెంటనే ఇళయరాజా తరఫు న్యాయవాది నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఆయన స్వరపరిచిన పాటలు పాడకూడదు, పాడితే భారీ నష్టపరిహారం కట్టాలి, కోర్టు చర్య ఎదుర్కోవాలి.

బాలు ఈ సంగతి ఫేస్‌బుక్‌లో తనే రాశారు. ఈ చట్టం గురించి తనకు తెలియదన్నారు. ఇన్ని దేశాల్లో పాడినప్పుడు రాని అభ్యంతరం అమెరికాలోనే ఎందుకొచ్చిందో అర్థం కాలేదన్నారు. చట్టమే అయితే తలవంచుతానని, ఇక మీదట ఆ పాటలు పాడనని, దేవుడి దయ వల్ల ఇతర స్వరకర్తల పాటలు కూడా చాలా పాడి ఉన్నాను కనుక కచేరీలు ఆగవని చెప్పారు. ఈ విషయం మీద పరుషంగా మాట్లాడుకోవద్దని అభిమానులను కోరారు.

అభిమానులు వినలేదు. నెలల తరబడి అటొక వర్గం, ఇటొక వర్గం. పాడిన గొంతు లేకపోతే ఆ బాణీ ఎక్కడ అని ఒకరు, బాణీ లేకపోతే గొంతు ఏం పాడుతుందని ఇంకొకరు. ఆ గోలలో నోటీసు ఎవరెవరికి వెళ్లిందో చూసినవాళ్లు తక్కువ. బాలు రాసినదాని ప్రకారం అది ఆయనకూ గాయని చిత్రకూ చరణ్‌కూ మాత్రమే కాదు, ఆయా నగరాల్లో కచేరీలు పెట్టిన నిర్వాహకులకూ హాళ్ల యాజమాన్యాలకూ కూడా వెళ్లింది. అసలు జవాబుదారీ అక్కడ ఉంది. టికెట్ అమ్మినవాడికి పాట సరుకు. పాడినవాడూ కట్టినవాడూ ఇద్దరూ ఆ సరుకు తయారుచేసినవాళ్లు. 1847లో బూర్జే పోట్లాడింది పాట వాయించిన వాద్యకారుడితో కాదు, హోటలు యజమానితో. 1917లో హెర్బర్ట్ దావా వేసింది భోజనశాల మీద. మన దగ్గర మాత్రం ఇద్దరు పాత స్నేహితులు వీధిన పడ్డారు, డబ్బు లెక్క చూడాల్సిన మూడోవాడు చర్చలోకే రాలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకొకరు కూడా చర్చలోకి రాలేదు, పాట రాసినవాడు. అనుమతి అంటే స్వరకర్త అనుమతి ఒక్కటే అన్నట్టు మాట నడిచింది. పాటలో బాణీ ఒక రచన, మాట ఇంకొక రచన, చట్టం దృష్టిలో రెండూ సమానం. వేటూరి 2010 మే 22న వెళ్లిపోయారు. ఆయన మాటల మీద హక్కు 2070 చివరిదాకా ఉంటుంది. రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు అని లెక్క. ఆ కాలమంతా ఆయన పాట వేదికెక్కిన ప్రతిసారీ కొంత ఆయన వారసులకు చేరాలి.

చేరుతుందా అన్నది ఒక చిన్న కాగితం మీద ఆధారపడి ఉంటుంది. లైసెన్సు తీసుకున్న నిర్వాహకుడు ఏ పాటలు పాడించాడో సంఘానికి చిట్టా ఇస్తేనే రుసుము సరైనవాడి ఖాతాకు పోతుంది. ఆ చిట్టా ఎక్కడి నుంచి వస్తుంది? ఆర్కెస్ట్రా నోట్‌బుక్కులోంచి. అందులో సినిమా పేరు ఉంది, గాయకుడి పేరు ఉంది, ఐదున్నర శ్రుతి ఉంది. రచయిత పేరు పాటల పుస్తకం దగ్గరే ఆగిపోయింది. చట్టం ఇచ్చిన వాటా ఇక్కడ జారిపోకుండా ఉండాలంటే ఇవాళ పాడే పిల్లలు ఆ ఒక్క గడి కూడా నింపుకోవాలి.

మన జిల్లాకే వద్దాం. దీపావళికి వరి కోతలు ముగిశాక హోలీ దాకా గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా, భండారా జిల్లాల్లో ఝాడీపట్టీ నాటకాల కాలం. వడ్సాలో కంపెనీల ఆఫీసులు తెరుచుకుంటాయి, ఊళ్లలోని యువక మండళ్లు వెళ్లి నాటకం మాట్లాడుకుని వస్తాయి. రాత్రి పొద్దుపోయాక తెర లేస్తే తెల్లవారేదాకా ఆట. మధ్యమధ్య పాటలు, డాన్సులు ఉండాల్సిందే. ఆ రంగస్థలం నుంచి పరశురామ్ ఖుణే 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఇక్కడ టికెట్ అమ్మేది ఊరి మండలి. నాటకం మధ్యలో సినిమా పాట పడితే దాని అనుమతి బాధ్యత కూడా ముందుగా ఆ మండలిదే అవుతుంది. ఆడేవాళ్లు భయపడాల్సిన పని లేదు, ఆడించేవాళ్లు మాత్రం ముందే తెలుసుకోవాలి. టికెట్ లేకుండా ఊరి ఔత్సాహికులు తమ జనం ముందు పాడుకుంటే, లేదా గుడి సహాయార్థం ప్రదర్శన ఇస్తే, 1957 చట్టమే మినహాయింపు ఇచ్చింది. డబ్బిచ్చి పిలిపించిన ఆర్కెస్ట్రాను ఆ మినహాయింపు కిందికి తేవడం కష్టం. రికార్డు ట్రాక్ పెట్టి దాని మీద పాడితే ఆ రికార్డు యజమాని అనుమతి వేరే.

నది అవతల పద్యనాటకానిదీ ఇదే లెక్క, కాస్త చిత్రంగా ఉంటుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' ఆడేటప్పుడు కాటిసీను వచ్చేసరికి నటులు జాషువా పద్యాలు అందుకుంటారు. నాటకం ఒకరిది, ఆ పద్యాలు మరొకరివి. రెండూ ఎంత కలిసిపోయాయంటే చూసేవాళ్లలో చాలామంది అంతా ఒకే కవి రాశాడనుకుంటారు. బలిజేపల్లి 1953లో పోయారు కనుక ఆయన రచన 2014 జనవరి 1 నుంచి అందరిదీ. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు కనుక పాండవోద్యోగ విజయాల పద్యాలు 2011 నుంచే స్వేచ్ఛగా పాడుకోవచ్చు. జాషువా 1971లో పోయారు. కాబట్టి టికెట్ పెట్టి ఆడే హరిశ్చంద్రలో రాజు తన పద్యాలు ఉచితంగా పాడి, కాటికి చేరగానే అనుమతి అవసరమైన పద్యాల్లోకి అడుగుపెడుతున్నాడు, 2031 చివరిదాకా. పింగళి నాగేంద్రరావు కూడా 1971లోనే పోయారు, 'మాయాబజార్' మాటలకూ గడువు అదే. మాడియా, గోండు పెళ్లిళ్లలో తరతరాలుగా పాడే రేలా పాటలకు యజమాని అంటూ ఒక్కడు లేడు, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే ఇవాళ పెర్మిలిలో ఒక పిల్ల కొత్తగా మాట కట్టి పాట చేస్తే, నమోదు చేయించినా చేయించకపోయినా, ఆ క్షణం నుంచి అది ఆమెదే. ఫోన్‌లో ఎక్కించి అమ్ముకునేవాళ్లు ఆమెను అడగాలి. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి చేరితే అంత మంచిది.

స్నేహితుల కథ చెడుగా ముగియలేదు. 2019 జూన్ 2న, ఇళయరాజా పుట్టినరోజున, చెన్నైలో జరిగిన పెద్ద కచేరీలో బాలు మళ్లీ ఆయన వేదిక మీద నిలబడి ఆయన పాటలు పాడారు. రెండు రోజులకు, జూన్ 4న, మద్రాస్ హైకోర్టులో జస్టిస్ అనితా సుమంత్ రికార్డు కంపెనీల మీద ఇళయరాజా వేసిన కేసులో తీర్పు చెబుతూ, స్వరకర్తగా తన కృతుల మీద ఆయనకున్న ప్రత్యేక హక్కును గుర్తించారు. బాలు 2020 సెప్టెంబర్ 25న కన్నుమూశారు.

ఆ నోటీసు తర్వాత లైసెన్సు అన్న మాట పెద్ద హాళ్లు దాటి పెళ్లి మండపాల దాకా వచ్చింది. ఊరేగింపులో, పెళ్లి వేడుకల్లో పాటకు అనుమతి అక్కర్లేదని చట్టంలో 52వ సెక్షన్ చెబుతోంది. మరి సంగీత్ రాత్రి హోటల్లో జరిగితే? రిసెప్షన్‌కు పిలిపించిన ఆర్కెస్ట్రా మాటేమిటి? 2019లో కేంద్రం ఒక ప్రకటన ఇచ్చింది, 2022లో పంజాబ్-హరియాణా హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 జూలైలో మరో ప్రకటన వచ్చింది. 2024లో గోవా ప్రభుత్వం సర్క్యులర్ ఇస్తే బొంబాయి హైకోర్టు గోవా బెంచి దాన్నీ రద్దు చేసింది. ఈ లాగులాట మధ్య సిరొంచలో ముహూర్తం పెట్టుకున్న పెళ్లివారు ఏం చేయాలి, బ్యాండువాళ్లు ఏం చేయాలి, మండపం యజమాని ఎవరికి జవాబు చెప్పాలి? వచ్చే భాగంలో ఆ బరాత్ వెంట నడుద్దాం.